సూది కొలత మారితే తల్లి తప్పు కాదు

మా ఆసిఫాబాద్ దిక్కు చిన్నపిల్లకు షుగర్ అని తేలిందంటే, చుట్టాలు ముందు తల్లినే అడుగుతారు, "ఏం పెట్టినవ్ పిల్లకు?" అని. టైప్ వన్ షుగర్ మిఠాయిలు తింటే వచ్చేది కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. ఇక ఆ తల్లికి రోజూ ఒకటే దిగులు. నిన్న సరిపోయిన సూది ఇవాళ ఎందుకు ఎక్కువైంది? రేపు చాలకపోతే ఎట్లా? ఈ దిగులుకు వందేళ్లు దాటాయి.

1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి ఇన్సులిన్ సూది వేశారు. పెద్దగా గుణం కనిపించలేదు. మందును ఇంకా శుద్ధి చేసి 23న మళ్లీ మొదలుపెడితే చక్కెర దిగింది. అంతకుముందు పిల్లల కడుపు మాడ్చి కొన్నాళ్లు బతికించడమే వైద్యం. ఆ ఆగస్టులో డాక్టర్ బాంటింగ్ దగ్గరికి వచ్చిన ఎలిజబెత్ హ్యూస్ బరువు 20 కిలోలే. ఆమెకు అప్పటికి ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. అప్పటి మందు ఒక్కో విడత ఒక్కో బలంతో వచ్చేది, అందుకే కొలత మార్చుకుంటూ పోవాల్సి వచ్చేది. ఆమె 1981 దాకా బతికింది.

ఇంట్లో రక్తం చూసుకునే వీలు చాలా ఏళ్లు లేదు. బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు. కానీ అది గడిచిన గంటల సంగతే చెప్పేది. చక్కెర మరీ పడిపోతే చెప్పేది కాదు. 1970ల చివర్లో వేలి చుక్కతో ఇంట్లోనే చూసుకోవడం మొదలయ్యాక తల్లుల చేతికి నిజమైన లెక్క వచ్చింది.

మొదటి నెలల్లో ఆ లెక్క ఒక చిత్రం చూపిస్తుంది. సూదులు మొదలయ్యాక, మిగిలిన కాసిని బీటా కణాలు తేరుకుని మళ్లీ పనిచేస్తాయి. దాంతో చాలామంది పిల్లలకు ఇన్సులిన్ అవసరం బాగా తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. కొన్ని వారాలో నెలలో ఉంటుంది, తర్వాత కొలత మళ్లీ పెరుగుతుంది. "నయమైంది, సూదులు ఆపెయ్" అనేవాళ్లు, ఆకుపసరు తెచ్చేవాళ్లు సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తారు. వాళ్ల మాట విని ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాల్సినంత డాక్టరును అడిగి తగ్గించాలి, ఆపకూడదు.

ఇంకో రెండు మాటలు. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు. దానికి 40 గీతల సిరంజే వాడాలి. 100 యూనిట్ల సిరంజి వాడితే కొలత తప్పుతుంది. మన ఎండలకు మందు పాడవుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మూతగట్టి ఉన్న డబ్బాలో వేసి, తడిపిన మట్టికుండలో నీడన పెట్టుకోవచ్చు.

ఒక నోటుబుక్కు పెట్టండి. పొద్దుగాల ఎంత, జొన్నరొట్టె తిన్నాక ఎంత, ఆడుకుని వచ్చాక ఎంత, సూది ఎన్ని యూనిట్లు, అన్నీ రాయండి. డాక్టరు కొలత మార్చేది ఆ రాతను చూసే. "ఏం పెట్టినవ్?" అని మళ్లీ ఎవరైనా అడిగితే, ఆ పుస్తకం వాళ్ల ముందు పెట్టండి.