వీణపలక - గిటారుపలక

నేడు నేను ముచ్చటింపదలచినది యొక పగులును గూర్చి. పొడవు జానెడు, వెడల్పు గోటిమందము. చీలినది గిటారు పైపలక. చీల్చినది మన యెండకాలపు పొడిగాలి.

పోయిన యేడు వైశాఖమాసమున నా పూర్వశిష్యుడొకడు డోర్నకల్లు నుండి జనగామకు ఆ వాద్యమును మోసికొని వచ్చెను. ఆదివారపు ఆరాధనలో పాటలకు దానిని వాయించుట వానికి వాడుక. “పంతులుగారూ! క్రింద పడలేదు, దెబ్బ తగులలేదు. పెట్టె తెఱవగానే యిట్లున్నది” అనెను.

చెట్టును నఱికిన పిదపను కొయ్య గాలిలోని చెమ్మను పీల్చుచు విడుచుచునే యుండును. చెమ్మ పోయినపుడు పోగు నిడివిని ఇంచుమించుగా తగ్గదు. అడ్డుగా మాత్రము ముడుగును. గిటారు పైపలక సామాన్యముగా మూడు మిల్లిమీటర్ల మందమునకు మించదు. దాని క్రింద అడ్డముగా బద్దలు అంటింపబడి యుండును. ఆ బద్దలు నిడివిని తగ్గవు గనుక పలకను ముడుగనీయవు. ఈ పెనుగులాటలో బలహీనమైన పోగు వీడిపోవును. వడగాలి యొక్కటియే కాదు, ఏ.సి. గదియు నిట్టిదే, ఆ యంత్రము గాలిని చల్లార్చుచు అందలి తడిని నీటిచుక్కలుగా వెలికి విడుచును. ఎండనుండి కాపాడవలెనని శిష్యుడు వాద్యమును అట్టి గదిలోనే యుంచెనట!

ఈ జబ్బు మన వాద్యములకు ఎప్పుడు వచ్చినదని నాకు సందేహము పుట్టినది. మన జిల్లాలోని పాలకుర్తిని ఇంటిపేరుగా దాల్చిన సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వీణాభేదములను పెక్కింటిని పేర్కొనెను. ప్రాచీన దేవాలయశిల్పములలో కనబడు వీణలు చాలవఱకు ఒక దండమును, దానికి గట్టిన బుర్రయును. బుర్రపై అంటించిన పలక లేదు, అడ్డబద్ద లేదు. ఎండినను అంతయు నొక్కటిగా ఎండును. మన కిన్నెర ఆ వంశమునకు జెందినదే. 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్యగారు వాయించిన 12 మెట్ల కిన్నెర, వెదురునకు బుర్రలు గట్టినదే గదా!

17వ శతాబ్ది తొలినాళ్ల తంజావూరును తెలుగు ప్రభువు రఘునాథనాయకుడేలెను. 24 మెట్లను స్థిరముగా గూర్చిన వీణ ఆయన పేర ప్రసిద్ధమైనది. నేటి వీణకు పనసమ్రానును తొలిచిన కుండ, దానిపై పలుచని పలక. బొబ్బిలి కడ గొల్లపల్లిలో సర్వసిద్ధివారు కుండను దండిని ఒకే మ్రానున తొలుతురు. ఐనను పలకను వేఱుగా చేసి మూయవలసినదే. నాదము పెరిగినది, పగులును దానివెంటనే వచ్చినది. పూర్వులు ఎండకు వెఱచియే బుర్రను పట్టిరని నేననను. కాని మన మెట్టనేలకు బుర్ర తగియున్నదని మాత్రము చెప్పగలను.

గిటారుకథయు నిట్టిదే. స్పెయినుదేశపు శిల్పి ఆంటోనియో డి టోరెస్ (1817-1892) పలుచని పైపలక క్రింద విసనకఱ్ఱవలె బద్దలను పఱచు పద్ధతిని స్థిరపఱచెను. నాదమునకు పైపలకయే ప్రధానమని చూపుటకు 1862లో ప్రక్కలను, వెనుకభాగమును కాగితపుటట్టతో చేసి యొక గిటారును నిర్మించెను. అట్టి పలక చీలినచో ఇక మిగిలినదేమి?

ఉద్యోగమున జేరిన క్రొత్తలో మా యింటి వీణపలక చీలినది. మే నెలలో, నోరు తెఱచియున్న పగులులో ఱంపపుపొట్టును సరేసును కలిపి కూరితిని. చూచినవారు మెచ్చుకొనిరి. శ్రావణమున వానలు పడగా పలక ఉబ్బి, ఉబ్బుటకు చోటు చాలక, నా యతుకు ప్రక్కనే అంచును ఎత్తివేసినది. అది మా తల్లి వాయించు వీణ. ఆ పిదప ఆమె దానిని ముట్టలేదు. నన్నేమియు ననలేదు గూడ.

కనుక శిష్యుని గిటారునకు మొదట సరేసు ముట్టింపలేదు. తంతులను సడలించి, రంధ్రములు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి నుంచి, దానిని కొయ్యకు తగులకుండ గిటారుపెట్టెలో నమర్చి మూసితిని. సాపేక్షార్ద్రత 50 శాతమునకు అటునిటుగా నుండవలెను గనుక, చెమ్మను గొలుచు చిన్న యంత్రమును లోపల నుంచితిని. “ఇంకను నీళ్లేనా, పంతులుగారూ?” అని శిష్యుడు దినదినమును ఫోనులో నడుగుచుండెను. 18 దినములకు అంచులు తమంతట తామే కలిసినవి. కలియనిచో అదే జాతి కొయ్యనుండి సన్నని చీలికను దీసి యిమిడ్చవలసి యుండెడిది. అప్పుడు వేడి సరేసును పగులుపై రాచి, నాదరంధ్రమున చేయి దూర్చి, క్రిందనుండి వ్రేలితో మెల్లగా నొత్తి విడుచుచు లోనికి ఇంకించితిని. మిగిలినదానిని తడిగుడ్డతో తుడిచితిని. అది యాఱిన పిదప, లోపలివైపున స్ప్రూసుకొయ్య బిళ్లలను మూడింటిని, వాని పోగు పగులునకు అడ్డుగా నుండునట్లు అంటించితిని. పోగు పగులువెంబడి నున్నచో బిళ్లయు నచ్చటనే చీలును.

ఇప్పుడు శిష్యునికి భూపాలపల్లికి బదిలీ యైనది. వానకాలమున అచ్చటి అడవిగాలి తడిసియుండును. ఆ బొగ్గుగనుల యూర వేసవి మాత్రము మన వేసవికి తీసిపోదు. చెమ్మ గొలుచు యంత్రమును వానివెంట పంపితిని. పగులుచోట సన్నని గీత మిగిలినది. మెఱుగునూనెతో కప్పుదమా యని వాడడిగిన, వలదంటిని.

మా తల్లి వీణ యింకను అటకమీదనే యున్నది. ఈ వానలు తగ్గగానే దింపి, నేనాడు కూరిన పొట్టును గీకివేయవలెను.