రాత్రి కరెంటు: ఒక చిన్న చరిత్ర

మధురానగర్ నుంచి అమీర్‌పేట, పంజగుట్టల మీదుగా ఖైరతాబాదు దాకా వెళ్తే విద్యుత్ సౌధ వస్తుంది. ఏ పల్లెకు ఏ వేళ కరెంటు ఇవ్వాలన్న నిర్ణయాలు దశాబ్దాల పాటు అక్కడినుంచే వెలువడ్డాయి. ఈ మధ్య విద్యుత్ విధానాలపై రాసేవారు తరచు ఒక మాట అంటున్నారు: ఉత్పత్తికి తగ్గట్టు వాడకం వేళలను జరపాలని. సౌరవిద్యుత్తుతో పాటు పుట్టిన కొత్త ఆలోచనగా దీన్ని పరిచయం చేస్తున్నారు గానీ, తెలుగునేలకు ఇది పాత కథే. ఆ కథలో జరిగింది మోటారు తిరిగే వేళ ఒక్కటే కాదు, మనిషి నిద్రపోయే వేళ కూడా.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు మొదట్లో వ్యవసాయ మోటార్లకు మీటరు ప్రకారమే రుసుము వసూలు చేసేది. 1982లో హార్స్‌పవరుకు ఇంత అనే స్లాబు పద్ధతి వచ్చింది. మీటరుతో పాటు వాడకపు లెక్కా పోయింది. ధరతో వాడకాన్ని అదుపు చేసే వీలూ పోయింది. బోర్డు చేతిలో మిగిలిన సాధనం ఒక్కటే, స్విచ్చి.

ఫీడర్లను గ్రూపులుగా విడదీసి త్రీఫేజ్ కరెంటును వంతులవారీగా ఇవ్వసాగారు. పట్నాల్లో దీపాలు వెలిగే వేళ పంపుసెట్లు ఆగాలి. ఊళ్ళు నిద్రపోయాక అవి తిరగాలి. గ్రిడ్డు దృష్టిలో ఇది చక్కని సర్దుబాటు. రైతు దృష్టిలో మాత్రం, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని గట్ల వెంట నడక. పాముకాటుకూ, తడి చేతులతో స్టార్టరు ముట్టుకొని షాకుకూ ప్రాణాలు వదిలినవారున్నారు.

ఈ యాతన తప్పించుకోవడానికి రైతులు కనుగొన్న ఉపాయం ఆటో స్టార్టరు. కరెంటు ఎప్పుడు వచ్చినా మోటారు దానంతటదే తిరుగుతుంది. అయితే ఊళ్ళోని మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేవడంతో ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడేది; మడి నిండినా నీళ్ళు పారుతూనే ఉండేవి. నమ్మకం లేని సరఫరా వాడకాన్ని తగ్గించకపోగా పెంచింది.

2001లో ప్రపంచబ్యాంకు హర్యానా, ఆంధ్రప్రదేశ్ రైతులను సర్వే చేసి ఒక అధ్యయనం వెలువరించింది. చవకగా వచ్చే నాసిరకం కరెంటు నిజానికి చవక కాదనీ, కాలిన మోటార్ల మరమ్మతు రూపంలో రైతు దాని ధర చెల్లిస్తూనే ఉన్నాడనీ అందులోని సారాంశం. అప్పటికే ఆ బ్యాంకు రుణంతో సంస్కరణలు మొదలయ్యాయి. 1999 ఫిబ్రవరిలో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో ఛార్జీలు పెరిగాయి; ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ముగ్గురు మరణించారు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం పడింది. బిల్లు పోయింది గానీ వేళ మారలేదు. ఏడు గంటల కరెంటు మళ్ళీ వంతుల్లోనే.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల సరఫరా మొదలైంది. అప్పుడు ప్రభుత్వం రైతులను కోరినదేమిటి? ఆటో స్టార్టర్లు తీసేయమని! ఒక తరం పాటు అపనమ్మకం నేర్పిన పరికరాన్ని ఒక్క విజ్ఞప్తితో విప్పించడం సులువేమీ కాదు.

2023లో కేంద్రం, వేళను బట్టి ధర మారే పద్ధతికి నియమాలు చేసింది. ఎండ వేళ ధర తగ్గుతుంది, గిరాకీ ఎక్కువైన వేళ పెరుగుతుంది. వ్యవసాయాన్ని దాన్నుంచి మినహాయించారు. చిత్రమేమంటే, అందరికంటే ముందు వేళలు మార్చుకున్నది వ్యవసాయమే. పట్నవాసి ఏసీ వేళ మార్చుకుంటే రాయితీ దక్కుతుంది. రైతు దశాబ్దాల పాటు నిద్ర మార్చుకున్నందుకు ఏ రాయితీ పేరూ లేదు. దక్కిందల్లా 'సబ్సిడీ భారం' అనే నింద.

ఇప్పుడు సౌరవిద్యుత్తు మిగిలేది పగటి పూటే. గ్రిడ్డు అవసరమూ రైతు అవసరమూ ఒకే వేళకు కలిసిన అరుదైన సందర్భమిది. సర్దుకోమని అడిగే ముందు, ఇంతకాలం సర్దుకున్నదెవరో లెక్క రాసుకోవడం న్యాయం. మీ ఊరి రాత్రి కరెంటు జ్ఞాపకాలుంటే మీరూ రాయండి, అవీ చరిత్రే.