హద్దుగీతయు హాషియాయును

మూసీనదికి దక్షిణపుటొడ్డుననున్న మలక్‌పేట, గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) కొలువులోని మలిక్ యాకూబు పేర వెలసినదని ప్రతీతి. ఆ కాలమున గోలకొండ రాజ్యమందు రెండు లేఖనసంప్రదాయములు ప్రక్కప్రక్కనే వర్ధిల్లుచుండెను. తెలుగు వ్రాయసకాడు తాటియాకుపై గంటముతో వ్రాసెడివాడు. ఆకు ఇఱుకు, దాని యంచే దానికి హద్దు. త్రాటికై వేసిన రంధ్రము చుట్టును కొంత చోటు విడుచుటయే కాని, గ్రంథభాగము చుట్టును గీత గీయు నాచారము సామాన్యముగా లేదు. పారసీక గ్రంథములందో, కాగితముపై వ్రాతచుట్టును బంగారు, నీలి, యెఱ్ఱ రేఖలతో జద్వలు దిద్దెడివారు. ఆ రేఖకు వెలుపలి చోటు హాషియా. అంచునకును, అంచున వ్రాసిన టిప్పణమునకును ఈ యొక్క మాటయే చెల్లుట గమనింపదగినది. లోపలిది మూలము, వెలుపలిది వ్యాఖ్య యని చదువరికి తెలుపునది ఆ గీతయే. కావున జద్వలును అలంకారమాత్రముగా నెంచుట పొరపాటు.

మలక్‌పేటకు పొరుగున చంచల్‌గూడలో ప్రభుత్వ ముద్రణాలయము కలదు. ఇట్టి ముద్రణాలయములలో పట్టికల పని మెండు. లోహాక్షరముల కాలమున పట్టికలోని గీత యనగా అక్షరముల యెత్తే గల యిత్తడిరేకు. దానిని తొలగింపవలెనన్న చట్రపు బిగింపు విప్పి, రేకును తీసి, సిరా యంటని పొట్టి లోహపుముక్కలతో ఆ సందును పూడ్చి మరల బిగింపవలెను. లేనిచో పంక్తులు కదలును.

కంప్యూటరుపై వ్రాతపని వచ్చిన పిమ్మట గీత వస్తువుగా నుండుట మాని గుణమైనది. 1983లో వెలువడిన మైక్రోసాఫ్ట్ వర్డు నేటి రూపములలో, మూడు హైఫనులు కొట్టి ఎంటరు మీట నొక్కినచో పుటకడ్డముగా గీత తనంతనే యేర్పడును. అది అక్షరము కాదు. పై పేరాకు అంటిన అంచు. అందుచేతనే దానిని అక్షరమువలె చెఱపజూచువారు విసిగిపోవుదురు. ఆ పేరాలో కర్సరు నుంచి బార్డర్ల పట్టీలో ‘నో బార్డర్’ ఎన్నుకొనిన పోవును. పుటచుట్టునుండు గీతకు ‘పేజ్ బార్డర్స్’లో ‘నన్’ అనియు, వ్రాతపెట్టె చుట్టు గీతకు ‘షేప్ అవుట్‌లైన్’లో ‘నో అవుట్‌లైన్’ అనియు వేఱువేఱు ద్వారములు గలవు. ఒకదాని మందు వేఱొకదానికి పనిచేయదు.

పట్టిక విషయము ఇంతకంటె సూక్ష్మము. ప్రాచీనగ్రంథమును టైపు చేయు పండితుడు మూలము నొక గడియందును, టీకను ప్రక్కగడియందును ఉంచి, చూపునకు బాగుండునని గీతలు తీసివేయుట కలదు. గీతలు పోయినను గడులు పోవు. తెరపై వాని జాడ చూపు ‘వ్యూ గ్రిడ్‌లైన్స్’ అను సౌకర్యము కలదు, అది అచ్చున రాదు. అంతవరకు క్షేమమే. ఆ పాఠమును మఱియొకరు వట్టి అక్షరములుగా వేఱొకచోట అతికించినపుడు గడులును నశించి, టీక మూలముతో నొకే పంక్తిలో కలియును. తాళపత్రపు టంచున నున్న టిప్పణమును తరువాతి లేఖకుడు మూలములోనికి ఎక్కించిన తెఱగు ఇదియే. పాఠపరిష్కర్తలను తరతరములుగా బాధించిన ప్రక్షిప్తములలో కొన్ని యిట్లు పుట్టినవే. అక్షరముల పెద్దచిన్నల భేదమును ఇట్టి మార్పిడిలో నిలువదు. నిలుచునవి, తెలుగు టీకాగ్రంథములందు పూర్వమునుండియు నున్న ‘టీ.’, ‘తా.’ అను సంకేతములు మాత్రమే. గీతలు తీయుటకు ముందే వానిని ప్రతిగడి మొదటను చేర్చవలసియుండును.