దేహోష్ణమును జూచు కన్ను

జ్వరము వచ్చిన బిడ్డ నుదుటిపై తల్లి చేయి వేసి చూచుట మన యిండ్లలో ననాదిగా నున్న యలవాటు. ఆ చేయి తాకి యెఱుగుదానిని తాకకయే చూపు యంత్ర మిప్పుడు గలదు. దాని చరిత్రమును, దాని హద్దును మా పాఠకులకు, విశేషించి సోదరీమణులకు, విన్నవింప నెంచితిమి.

1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునం దుష్ణమాపకము నుంచి పరీక్షించెను. ఎఱుపున కావల, కంటికేమియు గానరాని చోట, వేడిమి మఱింత హెచ్చెను. పరారుణ కిరణము లట్లు బయటపడినవి. 1840లో నతని కుమారుడు జాన్ హెర్షెల్, మసి పట్టించిన కాగితమును సారాయితో దడిపి, అది యారిన తీరునుబట్టి యా కిరణముల ముద్రను గైకొనెను.

మన దేహమును నిరంతర మీ కిరణములను వెలువరించుచునే యుండును. చర్మము క్రింద రక్తప్రసారము హెచ్చిన చోట వేడిమి హెచ్చును. తగ్గిన చోట తగ్గును. కెమేరా యా భేదములను రంగుల పటముగా జూపును. ఈ కిరణములను వెలువరించుటలో నల్లని చర్మమునకును తెల్లని చర్మమునకును భేదము లేదని 1934లో నమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హార్డీ చూపెను. మేనిఛాయను జూచి మనుజుల నెంచువా రీ మాటను వినదగును.

1956లో కెనడా వైద్యుడు రే లాసన్, రొమ్ము క్యాన్సరుపై నుండు చర్మము చుట్టుప్రక్కలకంటె వేడిగా నుండుటను గనిపెట్టెను. దానితో గొప్ప యాశలు పుట్టినవి. కాని కొన్ని క్యాన్సరులు వేడిని పైకి జూపవు. వేడిమి యితర కారణములచేతను గలుగును. కనుకనే అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ 1982లో దీనిని తక్కిన పరీక్షలకు తోడుగా మాత్ర మంగీకరించెను. మామోగ్రామునకు బదులు కాజాలదని 2019లో మరల హెచ్చరించెను. 2003లో సార్సు, 2020లో కోవిడు వ్యాపించినపుడు విమానాశ్రయములలో నిలిపిన కెమేరాలును చర్మపు వేడినే కొలిచినవి. రోగము సోకియు జ్వరము రానివానిని పట్టజాలవయ్యెను.

తాకరు, నొక్కరు, నొప్పి లేదు అన్న మాట బిడియము గల స్త్రీలకు మిక్కిలి యింపుగా దోచును. మేము చెప్పవలసిన దిచ్చటనే యున్నది. రొమ్మున గడ్డ తగిలినచో, రంగుల పటము బాగున్నదని యూరకుండరాదు. వెంటనే వైద్యునియొద్దకు బోయి తగిన పరీక్షలు చేయించుకొనవలెను. బిడియము కొన్నాళ్లు దాచును, రోగము దాగదు. ఇంటి పురుషు లీ మాటను స్త్రీలకు వదలి యూరకుండక, తామే తోడు వెళ్లుదురుగాక.