అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్: ఫిరంగి, వాహన నియమాల అభ్యాసం

రెండో ప్రపంచ యుద్ధంలోని చిన్న దళాల పోరును బల్లమీద ఆడించే ఈ ఆటను అవలాన్ హిల్ సంస్థ 1985లో, 1977 నాటి స్క్వాడ్ లీడర్‌కు కొనసాగింపుగా వెలువరించింది. నియమావళిలో ఫిరంగుల అధ్యాయం ముందు, వాహనాల అధ్యాయం తర్వాత వస్తాయి. కొత్తవారి కన్ను ట్యాంకు మీదే పడుతుంది గానీ, ఈ వరసకు కారణం ఉంది: ట్యాంకు చివరికి కదిలే ఫిరంగే. గుండు తగిలిందా అని ఒకసారి, తగిలితే కవచాన్ని చీల్చిందా అని మరోసారి రెండేసి పాచికలు వేయాలి. రెండో లెక్కలో దెబ్బ ముందువైపు పడిందా పక్కనా, టరెట్‌కా కింది భాగానికా అన్నది చూడాలి. మొదటి లెక్క కదలని ఫిరంగి దగ్గర ఒంటబట్టినవారికి ట్యాంకు దగ్గర కవచం, కదలిక మాత్రమే కొత్త.

ఇలా ఫిరంగితో మొదలుపెడితే ట్యాంకు లేని ఆట చప్పగా ఉంటుందన్న అభ్యంతరం సబబే. అయినా విసుగు కన్నా గందరగోళమే ఎక్కువమందిని పారదోలుతుంది. గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఫిరంగుల అధ్యాయం మొదలయ్యేదే బల్ల బయటి ఫిరంగిదళంతో: పరిశీలకుడికి రేడియో అందాలి, చీటీ తీస్తే నల్లది రావాలి (ఎర్రదైతే కాల్పులకు అనుమతి లేదు), ఆపైన గురి సరిచూసే గుండు. మొదటి పాఠంగా ఇది దండగ. కాబట్టి పుస్తకపు వరసను గుడ్డిగా పాటించనక్కర్లేదు. ఉదాహరణకు, మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ సంస్థ కొత్తవారి కోసం 2004 నుంచి తెచ్చిన స్టార్టర్ కిట్లలో మొదటిది పదాతిదళానికి, రెండోది ఫిరంగులకు, మూడోది ట్యాంకులకు; బల్ల బయటి ఫిరంగిదళం ఈ మూడింటిలోనూ లేదు.