దవా వెనక మెహనత్

మాది స్టూవర్టుపురం. ఊరి పేరు చెప్తే చాలు, దొంగల కిస్సాలే అడుగుతారు. నేను మాత్రం మా పాత గుంటూరు జిల్లా నుంచి వేరే కిస్సా చెప్తాను.

సిప్లా యూసుఫ్ హమీద్ సాబ్ పేరు మన ఇళ్లల్లో ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. ఆయన తెచ్చిన ఎయిడ్స్ దవా వెనక ఒక గుంటూరు బిడ్డ మెహనత్ ఉంది. 1935లో పుట్టిన ఆళ్ల వెంకట రామారావు గారు పూణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1985లో హైదరాబాద్ రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీకి డైరెక్టర్‌గా వచ్చారు.

అమెరికా 1987లో ఒప్పుకున్న ఏజెడ్‌టీ గరీబులకు అందని దవా. మన 1970 పేటెంట్ చట్టం మందుకు కాదు, తయారుచేసే తరీఖాకే పేటెంట్ ఇచ్చేది. మంజిల్ అదే అయినా రాస్తా వేరైతే జాయెజే. హమీద్ అడిగారు, రామారావు గారి బృందం ఆ రాస్తా వెతికింది. 1993లో సిప్లా ఆ దవాను విదేశీ ధరకంటే ఎంతో తక్కువకు బజారులోకి తెచ్చింది.

అప్పటికీ చాలామంది మరీజులకు అది భారమే. 2001లో సిప్లా మూడు మందుల ఇలాజ్‌ను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామన్నాక ఆఫ్రికా గరీబులకు ఉమ్మీద్ కలిగింది.

పిల్లలకు హమీద్ సాబ్ గురించి చెప్పేటప్పుడు రామారావు గారి పేరూ చెప్పండి. ఇద్దరినీ కలిపితేనే ఈ తారీఖ్ పూర్తి.