జపాను బడులలో సహపంక్తి

టోకియోలో కాపురమున్న ఒక తెలుగు కుటుంబమువారు సెలవులకు వచ్చి, తమ పిల్లవాని బడిభోజనమును గూర్చి చెప్పుచుండగా మేము వింటిమి. ఆ బాలుడు శాకాహారి. బడిలో అందరికిని ఒకే వంట. నెల దినముల వంటకముల పట్టికను బడివారు ముందుగనే ఇంటికి పంపుదురు. తల్లి దానిని ముందుంచుకొని, ఏనాడు ఏది తినవచ్చునో గుర్తులు పెట్టుచుండునట. కూరగాయల చారే గదా యని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ఆ నీరు ఎండుచేపతో కాచినదై యుండును. ఈ ఒకే వంట యెట్లు వచ్చినదో తెలిసికొన గోరితిమి.

1889లో యమగతా మండలమందలి త్సురుఓకా పట్టణమున, ఒక బౌద్ధాలయములో నడచుచున్న బడియందు, ఇంటినుండి అన్నము తెచ్చుకొనలేని పేదపిల్లలకు భిక్షువులు భోజనము పెట్టిరి. అన్నపుముద్దలు, ఉప్పుచేప, ఊరవేసిన ఆకుకూర, ఇంతియే. జపానువారు తమ బడిభోజన చరిత్రను ఇచ్చటినుండియే లెక్కింతురు. మనవైపు 1920లో పిట్టి త్యాగరాయ శెట్టిగారు అధ్యక్షులుగా నున్న మదరాసు కార్పొరేషను, బాలునికి రోజుకు అణాకు మించని వ్యయముతో ఇట్టి యేర్పాటే చేసినది. రెండుచోట్లను పేదవాని ఆకలియే మొదటి కారణము.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి జపాను పట్టణములలో తిండికి కరవు. 1946 డిసెంబరు 24న, విదేశ ధర్మసంస్థలు కూడి పంపిన సరకులతో టోకియోలో బడిభోజనము మరల మొదలైనది. 1950లో అమెరికా గోధుమపిండి రాగా, ఎనిమిది మహానగరముల బడులలో రొట్టె, పాలు, కూర కలిసిన పూర్తి భోజనము పెట్టసాగిరి. 1954లో దీనికి చట్టమే యేర్పడినది. తరతరములుగా అన్నమునే భోజనమని పిలిచిన దేశమున పిల్లలు బడిలో రొట్టె తినిరి! వరియన్నము అధికారికముగా బడిపళ్ళెములోనికి వచ్చుటకు 1976 దాక పట్టినది. వెన్నతీసిన పాలపొడి వాసన తలచుకొని ముఖము చిట్లించువారును, వేయించిన తిమింగిలపు మాంసమును మక్కువతో తలచువారును ఆ తరములో నేటికిని కలరు. పరాయితిండికి నాలుక వంచుకొనుట యననేమో వారికి చక్కగా తెలియును.

ఇక వడ్డన సంగతి. పిల్లలే వంతులవారీగా తెల్లని టోపీలు, పైవస్త్రములు ధరించి, గంగాళములను తరగతిగదికి తెచ్చి వడ్డింతురు. ఉపాధ్యాయులును అక్కడనే భుజింతురు. అందరి పళ్ళెములు నిండువరకు ఎవ్వరును ముట్టరు. పిదప అందరు ఒక్క గొంతుతో 'ఇతదకిమాసు' అని, అనగా వినయముతో స్వీకరించుచున్నామని పలికి మొదలుపెట్టుదురు. కలవారి బిడ్డ, లేనివారి బిడ్డ అను భేదము పళ్ళెమున కానరాదు. మాకు ఇది మిక్కిలి నచ్చినది. కాని వేరు డబ్బా తెరచిన బాలుడు ఒక్కడే యెదుటివారి కంటబడుటయు దీనివలననే.

మరియొక చమత్కారము: అచ్చటి పిల్లలకు మిక్కిలి ప్రియమైనది 'కరే' అన్నము. మన మసాలాలే ఇంగ్లీషువారిద్వారా ఆ దేశము చేరినవి. అందు మాంసముండుటచే భారతదేశపు బాలునికే అది పనికిరాదు! ఆ తల్లి ఇప్పుడు పట్టిక చూచి, కరే నాడు కూరగాయల కరే, నూడిల్సు నాడు నూడిల్సు వండి డబ్బా కట్టుచున్నది. పులిహోర మాత్రము వలదని కుమారుడు మొదటి నెలలోనే చెప్పినాడట. ఏల యని తల్లి అడుగలేదు.

వడ్డనవంతు వానికిని వచ్చును. తెల్లటోపీ పెట్టుకొని, తాను త్రాగని చారును తోటివారి గిన్నెలలో పోయుచుండును. గరిటెను అడుగుదాక ముంచి పోయవలెనని, లేనిచో ముక్కలన్నియు కడపటివాని పాలబడునని, మాకు వాడే వివరించి చెప్పెను.